కృష్ణలో చేప మిగలాలంటే: నల్గొండ, పాలమూరు చేపల వేటపై తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండ దాటి సాగర్ వెనుక జలాల వైపు వచ్చేవాళ్లు ఒడ్డున వేయించిన చేప తినకుండా తిరిగి వెళ్లరు. తింటూ తింటూ ప్రశ్నలు వేస్తారు. మా మత్స్య సహకార సంఘం సమావేశాల్లో మావాళ్లు వేసే ప్రశ్నలు వేరే ఉంటాయి. సంఘం లెక్కలు రాసే పని నాది కాబట్టి రెండు రకాలనూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. పదే పదే ఎదురైన వాటికి నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ ఇస్తున్నాను. ఎక్కడ నా అభిప్రాయం చెబుతున్నానో అక్కడ అది నా అభిప్రాయమనే చెబుతాను.

ప్రభుత్వం ఏటా చేప పిల్లలను ఉచితంగా వదులుతోంది కదా, ఇక చేపలు తగ్గడం ఏమిటి?

2016-17 నుంచి తెలంగాణలో చెరువులకు, రిజర్వాయర్లకు ఉచితంగా చేప పిల్లలు ఇచ్చే పథకం నడుస్తోంది. వానాకాలం నిండి వేసవికి ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులకు, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలన్నది లెక్క. పథకం మంచిదే. దాని వల్ల ఊరి చెరువుల్లో నాలుగు కుటుంబాలకు వేసవిలో డబ్బు కళ్లజూసే వీలు కలిగింది. కానీ పిల్లను నీళ్లలో వదిలిన మూడో నెలకే అది ఎవరి వలలోనో పడితే, పైనుంచి ఎన్ని లక్షలు పోసినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. పెద్ద నీళ్లలో జరుగుతున్నది అదే.

ఇంకో మాట. పిల్లలు మీ ఊరికి వచ్చిన రోజు దగ్గరుండి లెక్క చూసుకోండి. జల్లెడ గిన్నెతో ఒకసారి తోడి, అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, మొత్తం ఎన్ని గిన్నెలు పోశారో దానితో గుణిస్తారు. మొదటి గిన్నె నిండుగా, తర్వాతివి వెలితిగా పడితే లెక్క కాగితం మీదే మిగులుతుంది. పిల్లలు సంచుల్లో వస్తే సంచిని విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీళ్ల మీద తేలనివ్వాలి. లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే వేడికి వచ్చాక మూతి విప్పాలి. తొందరపడి గుమ్మరిస్తే సగం పిల్లలు తెల్లారేసరికి ఒడ్డున తెల్లగా తేలుతాయి.

చెరువు చేపకూ నది చేపకూ తేడా ఏమిటి? రెండూ బొచ్చె, రవ్వలే కదా.

ఈ ఒక్క తేడా అర్థమైతే మిగతా జవాబులన్నీ సగం అర్థమైనట్టే.

బొచ్చె, రవ్వ, మోసు నిలవ నీళ్లలో పెరుగుతాయి, కడుపులో గుడ్లు కూడా కట్టుకుంటాయి, కానీ గుడ్లు పెట్టవు. వాటికి పారే నీరు కావాలి, వానాకాలపు వరద కావాలి. అందుకే పాతకాలంలో నదుల నుంచి పిల్లలను పట్టి తెచ్చి చెరువుల్లో వేసేవారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి బృందం ఈ జాతి చేపలకు పిట్యూటరీ గ్రంథి రసం సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించగలిగింది. ఇప్పటి చేప పిల్లల కేంద్రాలన్నీ ఆ పద్ధతి నుంచే పుట్టాయి. ఆ రోజునే దేశమంతా జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

కాబట్టి ఊరి చెరువులో బొచ్చె పట్టడం ఒక రకంగా పంట కోయడమే. వేశాం, పెంచాం, పట్టాం, మళ్లీ వేస్తాం. నది సంగతి వేరు. కృష్ణకు ఎర్రనీళ్లు రాగానే రిజర్వాయరులో ఉన్న తల్లి చేపలు పైకి ఎదురీదుతాయి, వరద మునిగిన పల్లపు అంచుల్లో గుడ్లు పెడతాయి. అక్కడ విత్తనం నదిదే, పొలమూ నదిదే. విత్తనాన్నే తినేస్తే మళ్లీ మొలకెత్తేది ఏదీ ఉండదు.

అలివి వల అంటే ఏమిటి? దాని మీద ఇంత గొడవ ఎందుకు?

ఆ మాట మనది కాదు, సముద్ర తీరంది. అక్కడ ఒక కొసను ఒడ్డున ఉంచి, పడవ మీద వలను సముద్రంలోకి అర్ధచంద్రాకారంలో వేసుకుంటూ వెళ్లి, రెండో కొసను ఒడ్డుకు తెచ్చి, రెండు వైపులా మనుషులు నిలబడి లాగుతారు. తీరంలో ఆ వేట ఊరంతా కలిసి చేసే పని.

ఆ పద్ధతినే దోమతెర లాంటి సన్నని కన్నుతో కృష్ణలోకి తెచ్చారు. వందల మీటర్ల వల, పదుల మంది మనుషులు, రెండు మూడు పడవలు. అడుగు నుంచి పైదాకా నీళ్లను గీకినట్టు లాగుతారు. వేలెడంత పిల్ల కూడా తప్పించుకోదు. సోమశిల, కొల్లాపూర్ వైపు శ్రీశైలం వెనుక జలాల్లోనూ, ఇటు చందంపేట, నేరేడుగొమ్ము వైపు సాగర్ నీళ్లలోనూ ఈ వలల గురించి ఫిర్యాదులు ఏటా వింటున్నాం. ఇవి నిషేధించిన వలలు. అధికారులు అప్పుడప్పుడు దాడి చేసి వలలు తగలబెడతారు. వారం తిరక్కుండా ఇంకో వల దిగుతుంది.

ఒకసారి ఒడ్డున బండల మీద ఎండబోసిన చేపల నుంచి గుప్పెడు తీసుకుని లెక్కపెట్టాను. నలభై దాటాయి. ఎక్కువ పరకలే. వాటి మధ్య తల పెద్దదిగా, మూతి పైకి తిరిగి ఉన్నవి ఏడు కనిపించాయి. బొచ్చె పిల్లను ఎండినా ఆ తలతో పోల్చుకోవచ్చు. ఏడు బొచ్చెలు నా అరచేతిలో చిక్కుడు గింజలంత బరువు కూడా లేవు. ఆ బండ మీద అలాంటి గుప్పిళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేకపోయింది.

చిన్నదైనా చేపే కదా. ఎండబెట్టి అమ్ముకుంటే తప్పేమిటి?

లెక్క వేసి చూద్దాం. పది గ్రాముల బొచ్చె పిల్లలు వంద కలిస్తే ఒక కిలో. ఎండితే అందులో నాలుగో వంతు మిగలడమే ఎక్కువ. ఆ వందను నీళ్లలోనే వదిలామనుకోండి. వాలుగ తిన్నవి, కొంగ ఎత్తుకుపోయినవి, జబ్బు చేసి పోయినవి తీసేసి పదికి ఒకటే బతికిందనుకుందాం. బాగా మేత దొరికితే ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కటి కిలో తూగుతుంది. అంటే పది కిలోల పచ్చి చేప. పావు కిలో ఎండు చేపకు, పది కిలోల పచ్చి చేపకు మధ్య తేడా ఎంతో సంతలో అమ్మేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

మరి ఎందుకు పడుతున్నారు అంటే, ఆ పావు కిలో పట్టినవాడి చేతికి ఈ రోజే వస్తుంది. ఆ పది కిలోలు వచ్చే ఏడాది ఎవరి వలలో పడతాయో తెలియదు. నీళ్లు అందరివీ అయినప్పుడు ఆగినవాడే నష్టపోతాడన్న భయం ప్రతి వేటగాడికీ ఉంటుంది. ఆ భయం నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉండేది. అందుకే ఒక్క మనిషికి నీతి చెబితే సరిపోదని, సంఘమంతా కలిసి ఆగాలని నేను అంటాను.

ఇదంతా బయటి నుంచి వలస వచ్చినవాళ్లు చేస్తున్నదే కదా?

ఈ మాట వినగానే నాకు బాధ కలుగుతుంది. నేరేడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ అనే ఊరే ఉంది. విశాఖ వైపు నుంచి వచ్చి సాగర్ ఒడ్డున స్థిరపడ్డవాళ్లది. వాళ్ల పిల్లలు ఇక్కడి బడిలోనే చదివారు, వాళ్ల చేతి చేప వేపుడు కోసమే ఇవాళ హైదరాబాద్ నుంచి కార్లు వస్తున్నాయి. వాళ్లలో నాలుగు వేళ్ల కన్ను వల తప్ప మరొకటి ముట్టనివాళ్లను నేను ఎరుగుదును. మన ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల్లోనూ సన్న వలకు అలవాటు పడ్డవాళ్లు ఉన్నారు. అలివి వల లాగే కూలీకి దక్కేది రోజు కూలి. పెట్టుబడి పెట్టేది, ఎండు చేపను లారీకి ఎత్తించేది వేరే మనుషులు. తప్పు వలది, ఆ వలకు డబ్బు పెట్టినవాళ్లది. ఊరు పేరు చూసి మనిషిని దోషిని చేయకండి.

సముద్రంలో కొన్ని చేపలు పట్టి పట్టి కరవైపోయాయంటారు. మన చేపకూ ఆ గతి పడుతుందా?

సముద్రంలో స్కేట్ అనే చేప ఉంది. మన తీరంలో టేకు అని పిలిచే చేపకు దగ్గరి చుట్టం. చాటలా బల్లపరుపుగా ఉంటుంది, రెండు వైపులా ఉన్న రెక్కల మాంసానికి గిరాకీ. దాని కష్టమంతా దాని పుట్టుకలోనే ఉంది. చిన్న తోలు సంచి లాంటి గూడులో గుడ్డు పెడుతుంది, అదీ చాలా జాతుల్లో ఏడాదికి కొన్ని పదులే. పెద్ద జాతులైతే ఈడుకు రావడానికే చాలా ఏళ్లు పడుతుంది. అలాంటి చేపను బొచ్చెను పట్టినట్టు పడితే ఏమవుతుందో ఐరోపా చూసింది. అక్కడ కామన్ స్కేట్, అంటే మామూలు స్కేట్ అని పేరు పెట్టుకున్న చేపే అరుదైపోయింది. 2009 నుంచి ఐరోపా సమాఖ్యలో దాన్ని ఒడ్డుకు దించడమే నిషేధం.

అమెరికా ఈశాన్య తీరంలో బార్న్‌డోర్ స్కేట్ అనే పెద్ద జాతిని 2003లో పట్టరాదన్నారు. పడవలు మాట విన్నాయి. 2016లో అది కోలుకుందని ప్రకటించారు. అదే నీళ్లలో ఉండే థార్నీ స్కేట్‌కూ అదే కాపలా పెట్టారు, అది మాత్రం ఇంకా కోలుకోలేదు. ఒకే నిషేధానికి రెండు చేపలు రెండు రకాలుగా స్పందించాయి. అంటే ఆపడం ఆలస్యమయ్యే కొద్దీ ఏది తిరిగి వస్తుందో, ఏది రాదో మన చేతిలో ఉండదు.

మన బొచ్చె ఈ విషయంలో అదృష్టం చేసుకుంది. రెండేళ్లకు ఈడుకు వస్తుంది, కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. ఒక్క వరదకు, కొన్ని తల్లులు మిగిలినా చాలు, నది మళ్లీ నిండగలదు. స్కేట్‌కు లేని ఈ బలం మన చేపకు ఉంది. కానీ గుడ్డు పెట్టే ఈడు దాకా రానివ్వకపోతే లక్ష గుడ్ల చేపా, నలభై గుడ్ల చేపా ఒకటే. ఒక్కసారి, ఒక్కసారైనా గుడ్డు పెట్టనివ్వండి అన్నదే నేను ప్రతి సమావేశంలో అడిగేది.

వల కన్ను ఎంత ఉండాలి?

మా పెద్దనాన్న స్కేలు వాడేవారు కాదు. తడిపిన వలను సాగదీసి, బొటనవేలు వదిలి మిగతా నాలుగు వేళ్లు కలిపి కన్నులో దూర్చేవారు. పిడికిలి కణుపుల దాకా సులువుగా దిగితే ఆ వల నీళ్లలోకి వెళ్లేది, లేకపోతే ఇంట్లో పందిరికి పనికొచ్చేది. తంగుస వలలో, అంటే నైలాన్ దారపు వలలో, చేప మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. కన్ను పెద్దదైతే చిన్నది జారిపోతుంది, బలిసినదే ఆగుతుంది. పెద్ద బొచ్చె కోసమైతే ఇంకా పెద్ద కన్ను కావాలి. పరకలు, జెల్లలు ఇంటి కూరకు కావాలంటే గాలం ఉంది, విసురు వల ఉంది. వాటితో ఎవరూ నదిని ఖాళీ చేయలేరు.

ఇంకో జాగ్రత్త ఉంది. తెగిన తంగుస వలను నీళ్లలో వదిలేయకండి. అది కుళ్లదు. మనం ఇంట్లో నిద్రపోతున్నా అది అడుగున చేపలను, తాబేళ్లను, నీటికుక్కలను పడుతూనే ఉంటుంది.

వేట ఎప్పుడు ఆపాలి?

ఎర్రనీళ్లు దిగినప్పటి నుంచి వరద తేటపడే దాకా. మామూలుగా జూలై, ఆగస్టు నెలలు. తూర్పు తీరంలో యంత్ర పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్ర వేట నిషేధం ఉంది. ఆ రెండు నెలలు తట్టుకోవడానికి అక్కడి మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. నది మీద బతికేవాళ్లను కూడా ఆగమన్నప్పుడు వాళ్ల పొయ్యి ఎలా వెలగాలో చెప్పాలి. ఉత్త చేతులతో ఆగమనడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

మిరుగం నాడు చేప తినవద్దంటారా?

తినండి. మృగశిర కార్తె జూన్ రెండో వారం ముందర వస్తుంది. ఆ రోజు చేప తినడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఆ రోజుకు చేప కడుపు గుడ్లతో నిండి ఉంటుంది, అది చూసి కొందరు నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. పైన చెప్పినట్టు చెరువు బొచ్చె, రవ్వ గుడ్లు కట్టినా అక్కడ పెట్టలేవు. పైగా అది వేసవి చివర, చెరువులు అడుగంటే కాలం, ఎలాగూ పట్టాల్సిందే. కాబట్టి మిరుగానికి చెరువు చేప అడగండి. నది నుంచి వచ్చిన గుడ్ల చేపను ఆ ఒక్క వారం వదిలేయండి. రెండు నెలల్లో అది మీకు వెయ్యింతలు తిరిగి ఇస్తుంది.

కొరమీను ఎందుకు అంత ఖరీదు? అది కూడా తగ్గిందా?

కొరమీను మన రాష్ట్ర చేప. బయటి గాలి పీల్చగలదు, చెరువు ఎండితే బురదలో ఉండగలదు, బజారుకు ప్రాణంతో వస్తుంది. ముళ్లు తక్కువ. ఖరీదుకు ఇవన్నీ కారణాలే.

దాని కష్టం దాని మమకారంతో వచ్చింది. బొచ్చెలా లక్షల్లో కాకుండా వేలల్లోనే గుడ్లు పెడుతుంది, పెట్టి వదిలేయదు. వానాకాలంలో చెరువు అంచున, తుంగ పక్కన, నీళ్ల మీద ఎర్రటి ముద్ద ఒకటి కదులుతూ కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది వందల పిల్లల గుంపు, ఒక్కొక్కటి అగ్గిపుల్లంత. గాలి కోసం అన్నీ ఒకేసారి పైకి వచ్చి, చిటపటమని నీళ్లు కొట్టి మళ్లీ దిగుతాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఏదైనా ఆ ముద్ద దగ్గరికి వస్తే మీద పడి కరుస్తాయి. వేటగాడికి ఆ సంగతి తెలుసు. ముద్ద మధ్యలో గాలం వేసి ఆడిస్తే తల్లి వచ్చి పట్టుకుంటుంది. ఆ రోజు కిలోన్నర కొరమీను దొరుకుతుంది, సాయంత్రానికి ఆ పిల్లలను మిగతా చేపలూ పాములూ ఖాళీ చేస్తాయి.

ఎర్ర ముద్ద కనిపిస్తే గాలం వేయకూడదని మా సంఘంలో తీర్మానం రాసుకున్నాం. అందరూ పాటిస్తున్నారని చెప్పను. పాటించేవాళ్లు ఎక్కువయ్యారు.

ఏ చేపను ఎంత పట్టినా ఫరవాలేదు?

తిలాపియా, మనం జిలేబి అనేది. ఎంత పట్టినా తరగదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దొరికితే మళ్లీ నీళ్లలోకి వదలకండి. మన నాటు మార్పు చేపను, పిల్ల చేపలను మింగుతుంది, దాని పెంపకం మన దేశంలో నిషేధం. అద్దాల తొట్టెల్లో పెంచి, విసుగొచ్చి చెరువులో వదిలేసిన దెయ్యం చేప కూడా అంతే. ఒంటి నిండా గట్టి పెంకు, వలలను చీల్చేస్తుంది, తినేవాడు లేడు. తొట్టె చేపను దయచేసి చెరువులో వదలకండి.

డ్యాముల వల్ల చేపకు నష్టం లేదా?

ఉంది. సాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. మన పొలాలకు అన్నం పెట్టిన ఆ గోడే నదిలో ఎదురీదే చేపకు అడ్డుగోడ అయింది. పైన శ్రీశైలం, ఇంకా పైన జూరాల. చేప ఇప్పుడు ఒక గోడకూ ఇంకో గోడకూ మధ్య ఉన్న నీళ్లలోనే కాపురం చేయాలి. అందుకే ఆ మధ్య ముక్కలోని తల్లి చేపలు ఇంకా విలువైనవి.

నీటి మట్టం కూడా చూడాలి. శ్రీశైలం నిండితే 885 అడుగులు. 854 అడుగులకు, ఇంకా దిగువకు పడిపోయిన వేసవుల్లో నీళ్లు పాత నది మడుగుల్లోకి ముడుచుకుంటాయి. సోమశిల అవతల సంగమేశ్వరం గుడి బయటపడే రోజులవి. అప్పుడు చేపలన్నీ మడుగుల్లోనే గుమిగూడుతాయి, ఒక్క వలకు బండి నిండుతుంది. ఆ మడుగుల్లో వేట మానాలని నేను సంఘాలన్నింటినీ కోరుతున్నాను. వరదకు ఎదురు వెళ్లాల్సిన తల్లులు ఆ మడుగుల్లోనే ఉంటాయి.

తూటాలు, మందు, కరెంటు?

1897 నాటి చట్టమే పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడాన్ని నేరం చేసింది. కరెంటు తీగతో పట్టబోయి నీళ్లలోనే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గురించి మీరూ వినే ఉంటారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

కొనేవాళ్లు ఏం చేయగలరు?

మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉందా అని ఎలాగూ చూస్తారు. ఇంకొక్క ప్రశ్న కలపండి. "ఇది చెరువుదా, కృష్ణదా?" అని అడగండి. కృష్ణ చేప అంటే కిలోకు తక్కువ ఉన్న బొచ్చెను వద్దనండి. వేలెడు పిల్లల ఎండు చేప పొట్లం కొనకండి. అడిగే గొంతులు పెరిగితే అమ్మేవాళ్లు మారతారు, అమ్మేవాళ్లు మారితే వలలు మారతాయి. దేవరకొండ సంతలో ఇద్దరు అమ్మకందారులు ఇప్పుడు చెరువు చేపను, నది చేపను వేర్వేరు గంపల్లో పెడుతున్నారు. కొనేవాళ్లు అడగబట్టే పెడుతున్నారు.

సన్న వల కనిపిస్తే ఎవరికి చెప్పాలి? చెబితే ప్రయోజనం ఉంటుందా?

ముందు మీ సంఘం అధ్యక్షుడికి, తర్వాత జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి. గొడవ జరిగేలా ఉంటే పోలీసులకు. ఒంటరిగా వెళ్లి వల లాగేవాళ్లతో తలపడకండి. నేను ఒకసారి ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను, మూడుసార్లూ రేపు రమ్మన్నారు. నాలుగోసారి నోటి మాట మానేసి కాగితం పట్టుకుని వెళ్లాను. ఏ తేదీన, ఏ రేవు దగ్గర, ఎన్ని పడవలు, ఎండబోసింది ఎక్కడ, లారీ ఎన్ని గంటలకు వచ్చింది, అన్నీ రాసి, పదకొండు మంది సంతకాలతో. ఆ కాగితం మీద ముద్ర వేసి రసీదు ఇచ్చారు. ఎనిమిదో రోజున వల పట్టుబడింది.

అప్పటి నుంచి మా సంఘంలో ఒక రిజిస్టరు పెట్టాం. ఎడమ పేజీలో ఎవరికి ఏ చేప ఎంత బరువుది దొరికిందో, కుడి పేజీలో సన్న వల ఎక్కడ కనిపించిందో రాస్తాం. చదువు రానివాళ్లు వచ్చి చెబుతారు, నేను రాస్తాను. మీ సంఘానికి అలాంటి రిజిస్టరు కావాలంటే గీతలు గీసిన నమూనా పేజీ ఇస్తాను, వచ్చి తీసుకెళ్లండి.